పదకొండు మంది వచ్చారన్నాను

మా అమ్మాయి సుజాత భద్రాచలం అడవి అంచున ఒక యూనివర్సిటీలో చదువుతోంది. ఆమెను చూడడానికి కర్నూలు నుంచి వెళ్లాను. క్యాంపస్ గోడ వెంట ఉన్న వీధిలో ఒక పక్క జిరాక్స్ షాపులు, మిర్చి బజ్జీల బండ్లు. రెండో పక్క అడవి.

సుజాత, స్నేహితురాళ్లు ఫొటోలకని అడవిలోని వాగు వైపు వెళ్లారు. సుజాతతో కలిపి మొత్తం పదకొండు మంది. ఇప్పపూల కోసం ఎలుగుబంట్లు వస్తున్నాయని ఆ తర్వాత ఆ వీధిలోనే రజియా అనే ఆవిడ నడిపే హోటల్లో చాయ్ తాగుతూ విన్నాను. అప్పటి నుంచి చూపంతా దారి మీదే.

పొద్దు వాలుతుండగా అమ్మాయిలు ముఖాలకు చున్నీలు చుట్టుకుని వస్తూ కనిపించారు.

"పదకొండు. అందరూ వచ్చేశారు," అన్నాను.

"లెక్కతోని ఏం తెలుస్తది సార్? ఓ పిల్లలూ, చున్నీలు దించి పేర్లు చెప్పుండ్రి!" అంది రజియా. అడవి నుంచి వచ్చేవాళ్లు పేరు చెప్పాకే వీధిలోకి రావాలన్నది అక్కడి ఆచారమట.

అందరూ చెప్పారు. చివరి అమ్మాయి దారిలో కలిసిన గూడెం పిల్ల. సుజాత పేరు వినపడలేదు.

"వెనకాల్నే ఉందనుకున్నం, అంకుల్," అంది ఒక స్నేహితురాలు.

నేను అడవి వైపు చూస్తూ ఉన్నచోటే నిలబడ్డాను. రజియా స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడుతూ అడవిలోకి నడిచింది. "గట్ల నిలబడితే ఎట్ల సార్? పేరు పెట్టి పిలువుండ్రి, జల్దీ!"

నా మూడో పిలుపుకు సుజాత పలికింది. కాల్లో ముల్లు విరిగి, ఒక ఇప్పచెట్టు కింద కూర్చుని ఉంది. ఆ చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు ఇంకా పచ్చిగా ఉన్నాయి.

చేయి పట్టుకుని తీసుకొస్తుంటే హోటల్ ముందు రజియా ఆపింది.

"ఇప్పుడు చెప్పు బిడ్డా."

"సుజాత," అంది. అప్పటికి గానీ నాకు ఊపిరి ఆడలేదు.