ఖాళీ ఇంటికి ఏ చిలుక

భోపాలపట్నంలో మా ఇల్లు, నా చిన్నప్పుడు, పగలంతా నా ఒక్కదానిదే. బస్తరు ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజులవి. మా నాయనకు బజారులో ఉప్పు, బట్టల దుకాణం ఉండేది. నెలలో సగం రోజులు ఆయన బండి కట్టుకుని తర్లగూడ వైపు పల్లెల్లో వారానికోసారి జరిగే అంగళ్లకు వెళ్లేవాడు. ఎప్పుడైనా బాసగూడ దాకా పోయాడంటే పది రోజులకు గాని ఇల్లు చేరేవాడు కాదు. ఆయన లేనప్పుడు దుకాణంలో మా మేనత్త కూర్చునేది. ఆయన ఉన్నా కూర్చునేది, ఎందుకంటే వచ్చిన చింతపండు, ఇప్పపువ్వు చూసి తీసుకోవడం ఆమెకు తెలిసినంతగా ఆయనకు తెలియదు.

మా అమ్మ, నేను చెప్పబోయే సంగతికి ముందు ఏడాది వానాకాలంలో చలిజ్వరంతో పోయింది. ఇల్లు చూసుకోవడానికని గోదావరి అవతలి నుంచి మేనత్తను పిలిపించారు. ఇల్లు చూసుకోవడానికి వచ్చిన మనిషిని దుకాణం లాగేసుకుంది. ఆమె పొద్దున్నే వంట చేసి, నా జడ వేసి, గిన్నె మీద మూత పెట్టి వెళ్లిపోయేది. మళ్లీ దీపాలు పెట్టే వేళకు వచ్చేది. ఆడపిల్ల బజారులో కూర్చోకూడదని ఆమె నమ్మకం. అందుకని వాకిట్లో ఎండబోసిన చింతపండుకు కాపలా నా పని. కోతులు వస్తే కర్రతో నేల మీద కొట్టాలి. మేకలు వస్తే అదిలించాలి.

మా ఊళ్లో బజారుకు వెళితే తెలుగు, దోర్లి, గోండి, హల్బీ, హిందీ అన్నీ ఒకేసారి వినిపించేవి. మా ఇల్లు ఊరి చివర. అన్ని భాషలున్న ఊళ్లో ఉంటూ నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట కూడా వినకుండా గడిపేదాన్ని. అప్పుడప్పుడు నాతో నేనే మాట్లాడుకునేదాన్ని. అమ్మ గొంతుతో ఒక మాట, నా గొంతుతో ఒక మాట. అమ్మకు నన్ను పిలిచే పిలుపు ఒకటి ఉండేది. అది నా పేరు కాదు, ఇంకెవరూ అలా పిలిచేవారు కాదు. ఒకరోజు దాన్ని పలకబోతే చివర ఎక్కడ సాగదీసేదో, ఎక్కడ ఆపేదో నాకు రాలేదు. నాలుగైదు సార్లు ప్రయత్నించాను. ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది. ఆ రోజు నాకు పట్టుకున్న భయం ఇప్పటికీ గుర్తుంది. కోతులు చింతపండంతా ఎత్తుకుపోయినా నేను లేవలేదు.

చిలుక కావాలన్న కోరిక ఆ భయంలో పుట్టింది. కచేరీ గుమస్తా ఇంట్లో మాట్లాడే చిలుక ఉందని విన్నాను. అలాంటిది ఒకటి మా ఇంట్లో ఉంటే, నేను పూర్తిగా మరిచిపోకముందే అమ్మ పిలుపు దానికి నేర్పేయాలనుకున్నాను. ఒకసారి నేర్చుకుంటే చిలుక మరిచిపోదని ఎవరో అన్నారు. ఇదంతా ఎవరికీ చెప్పలేదు. చిలుక కావాలని మాత్రం మా నాయనను పీడించాను. అడిగినదేదీ కాదనలేని బెంగలో ఉన్నాడాయన అప్పుడు. సరేనన్నాడు.

దుకాణానికి తేనె, మైనం తెచ్చే దోర్ల తెగ ముసలాయన ఒకాయన ఉండేవాడు. మేమంతా తేనె తాత అనేవాళ్లం. పిట్టలను పట్టడం, పెంచడం ఆయనకు చిన్నప్పటి నుంచి అలవాటు. మా నాయన చెప్పిన వారానికి ఆయన కావడి మీద మూడు వెదురు పంజరాలు మోసుకుని సాయంత్రం పూట మా ఇంటికి వచ్చాడు. ఒక పంజరంలో రెక్కల మీద ఎర్రటి మచ్చలున్న పెద్ద చిలుక. రెండో దానిలో మెడకు గులాబీ పట్టీ ఉన్న మామూలు రామచిలుక. మూడో దానిలో రెండు చిన్న చిలుకలు. వాటిలో మగదాని తల పండిన రేగుపండు రంగు, ఆడదాని తల బూడిద రంగు.

మా నాయన పంజరాల వైపు సరిగా చూడను కూడా లేదు. "ఏదో ఒకటి ఇచ్చిపో తాతా" అన్నాడు.

"ఏదో ఒకటి ఎట్ల ఇస్త సావుకారి? ముందు ఇల్లు ఎట్లాంటిదో చూడాలె కద" అన్నాడు ముసలాయన, తీరిగ్గా అరుగు మీద కూర్చుంటూ. "పగటిపూట ఇంట్ల ఎవరుంటరు?"

మా నాయన కొంచెం తడబడ్డాడు. "పిల్ల ఉంటది."

"పిల్ల కాక?"

మేనత్త లేచి వెళ్లి పొయ్యి ఊదడం మొదలుపెట్టింది.

ముసలాయన ఒక్కో పంజరం మీద చెయ్యి వేసి చెప్పాడు. పెద్దది బాగా మాటలు నేర్చుకుంటుంది, మనిషి బతికినన్నాళ్లు బతుకుతుంది, కాని దానికి రోజంతా మనిషి కావాలి, లేకపోతే తన ఈకలు తానే పీక్కుంటుంది. రామచిలుక కూడా మాట నేర్చుకుంటుంది కాని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బయటికి వదలాలి, వదలకపోతే పంజరం కొరికేస్తుంది, మనుషులను కొరుకుతుంది. చిన్నవి మాట్లాడవు. వాటి గొంతు మెత్తన. జంటగా ఉంటే వాటి లోకం వాటిది. పొద్దున ఒక పండు, సాయంత్రం నాలుగు గింజలు, మంచినీళ్లు, అంతే. అందరూ పనికి పోయే ఇంటికి అవే తగినవని ఆయన తేల్చేశాడు.

నేను పెద్దదాని పంజరం పట్టుకుని ఏడుపు మొదలుపెట్టాను. అదే కావాలన్నాను. నేనున్నాను కదా రోజంతా అన్నాను.

"నువ్వెన్నొద్దులు ఉంటవు బిడ్డా ఇట్ల? రేపు పెద్దగైతవు. పనికి పోతవు, పెండ్లయి పోతవు. అది ఈడనే ఉంటది" అన్నాడు ముసలాయన. నా ఏడుపు ఇంకా పెరిగింది. మా నాయన ఇచ్చేయమని సైగ చేశాడు. ముసలాయన కాసేపు ఆలోచించి ఒక మాట చెప్పాడు. మూడు పంజరాలూ ఆ రాత్రికి మా ఇంట్లోనే ఉంచుతాడు. మర్నాడంతా ఇంట్లో ఎవరూ లేనట్టు ఉండాలి. నేను చప్పుడు చేయకుండా లోపల దాక్కుని చూడాలి. సాయంత్రం ఏది కావాలంటే అది ఇస్తాడు.

"కాని పిల్ల ఒక్కతే చూస్తే కాదు, తనకు నచ్చిందే చూస్తది. పెద్దోళ్లొకరు కూడ కూసోవాలె పొద్దుగూకేదాక" అన్నాడు.

"ఏంది తాతా, పిట్టల కోసం దుకాణం విడిచి కూసోవాల్నా?" అంది మేనత్త లోపలి నుంచే.

"ఒక్క దినం సావుకారమ్మా. సావుకారి ఊళ్లనే ఉన్నడు గద."

మేనత్త సణుగుతూనే ఒప్పుకుంది.

మర్నాడు మా నాయన దుకాణానికి వెళ్లగానే పంజరాలు వసారాలో వేలాడదీసి, తలుపు దగ్గరికి వేసి, నేనూ మేనత్తా లోపలి గదిలో వడ్ల గుమ్మి వెనక చాప పరుచుకుని కూర్చున్నాం. తలుపు సందులోంచి వసారా కనబడేది. మేనత్త చేతిలో చింతపండు గింజలు తీయడానికి ఒక బుట్ట. చప్పుడు కాకుండా గింజ తీసి గుడ్డ మీద వేసేది.

మొదట్లో మూడు పంజరాల్లోనూ ఒకటే గోల. ఎండ వసారా దాటేసరికి చిన్న చిలుకలు సర్దుకున్నాయి. ఒకటి తల వంచితే రెండోది దాని మెడ దువ్వేది. మధ్య మధ్య మెత్తగా ఏదో అనుకునేవి. రామచిలుక వెదురు పుల్ల ఒకటి ఎంచుకుని దాన్ని కొరకడంలో పడింది. పెద్ద చిలుక మాత్రం తలుపు వైపే చూస్తూ కూర్చుంది. చాలాసేపు అలా చూసి, ఉన్నట్టుండి ఆడమనిషి గొంతుతో అడిగింది.

"వచ్చిండ్రా?"

అంత మంచి మాట, అంత స్పష్టంగా! మేనత్త చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. కాసేపాగి చిలుక మళ్లీ అడిగింది. "వచ్చిండ్రా? వచ్చిండ్రా?" గాలికి తలుపు కదిలితే చాలు, పుల్ల మీద ఈ చివరికి పరుగెత్తుకొచ్చి అడిగేది. ఎవరూ రారు. మళ్లీ వెనక్కి పోయేది. మధ్యాహ్నం దాకా అడిగి అడిగి మానేసింది. తర్వాత తలను అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టింది, అదే పనిగా, ఆపకుండా. ఊపి ఊపి, రొమ్ము మీద నుంచి ఒక ఈక పీకి కింద పడేసింది. ఇంకొకటి. ఆ చోట అప్పటికే బోసిగా ఉందని నేను అప్పుడు చూశాను.

అది గుమస్తా ఇంట్లో పెరిగిన చిలుకేనని, ఆయనకు జగదల్‌పూర్‌కు బదిలీ అయితే తేనె తాత చేతిలో పెట్టి వెళ్లారని తర్వాత తెలిసింది. ఆ ఇంటి ఇల్లాలు పొద్దుగూకాక భర్తను అడిగే మాట అది.

నేను మేనత్త వైపు చూశాను. ఆమె చిలుకను చూడడం లేదు. నన్ను చూస్తోంది. చాలాసేపటి నుంచి చూస్తున్నట్టుంది.

"నువ్వు కూడ ఇట్లనే ఉంటవా రోజంత?" అంది గుసగుసగా.

నేను చాప అంచులో ఊడిన పుల్లను పీకాను.

"మాట్లాడేదే ఎందుకు కావాలె నీకు?" అంది మళ్లీ.

గుమ్మి వెనక చీకటిగా ఉండబట్టో, అంతసేపు ఒక మనిషి పక్కన కూర్చోబట్టో, చెప్పేశాను. అమ్మ పిలుపు మరిచిపోతున్నానని చెప్పాను. మేనత్త చింతపండు బుట్ట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె మా అమ్మతో గడిపింది మొత్తం కలిపితే రెండు మూడు నెలలు ఉంటుందేమో. ఆ పిలుపు ఆమె ఎప్పుడో విన్నది. చాలా మెల్లగా, పిట్టలకు వినబడకుండా, దాన్ని పలికింది. కాదన్నాను. చివర ఇంకొంచెం సాగాలన్నాను. మళ్లీ పలికింది. ఈసారి సాగింది ఎక్కువైందన్నాను. బయట చిన్న చిలుకలు వాటి లోకంలో అవి ఉన్నాయి. మా మేనత్త, బజారులో అందరూ భయపడే మనిషి, చాప మీద మోకాళ్లు ముడుచుకుని నాకు నచ్చే దాకా ఆ పిలుపు నేర్చుకుంది. సరిగ్గా వచ్చిందో లేదో నాకిప్పటికీ తెలియదు. వచ్చిందని మాత్రం చెప్పాను.

సాయంత్రం తేనె తాత వచ్చి, "ఏది కావాలె?" అని అడిగాడు. చిన్న జంటను చూపించాను. ఆయన ఎందుకని అడగలేదు. పెద్ద చిలుకను మళ్లీ కావడికి కట్టుకుంటూ, తన గుడిసెలో పొద్దస్తమానం తన ముసలి భార్య ఉంటుందని, ఆమెతో ఇది మాట్లాడుకుంటుందని అన్నాడు.

ఆ చిన్న చిలుకలు మా ఇంట్లో చాలా ఏళ్లు సుఖంగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే వాటికి నాతో పెద్ద పని ఉండేది కాదు. జామకాయ ముక్క అందిస్తే తీసుకునేవి, ఆ తర్వాత ఒకదాని వైపు ఒకటి తిరిగేవి. పనికి పోయే ఇంటికి తగిన పిట్ట అంటే మనం లేకపోయినా బాధపడని పిట్ట. అది మంచిదే. కాని వాటి ముందు కూర్చున్నప్పుడు నా ఒంటరితనం ఇంకాస్త తెలిసొచ్చిన రోజులు కూడా ఉన్నాయి. మేనత్త మాత్రం ఆ మరుసటి రోజు నుంచి మధ్యాహ్నం ఒకసారి ఇంటికి రావడం మొదలుపెట్టింది. నాతో కలిసి అన్నం తిని వెళ్లేది. గడప అవతలి నుంచే ఆ పిలుపు పిలిచేది. కొన్నాళ్లకు అమ్మ గొంతు నిజంగానే పోయింది. ఇప్పుడు గుర్తు చేసుకుంటే వినబడేది మేనత్త గొంతే. దానికి కొంత బాధ, కొంత కృతజ్ఞత.

పిట్టల సంగతి తేనె తాతకు రోజంతా చూస్తే గాని తెలియనిదేమీ కాదు. మొదటి సాయంత్రమే అంతా చెప్పేశాడు కదా. మరి మా మేనత్తను పొద్దుగూకేదాకా ఎందుకు కూర్చోబెట్టాడో నాకు అర్థమయ్యేసరికి నాకు పిల్లలు పుట్టారు. అప్పటికి ఆయన లేడు. అడిగి ఉన్నా పిట్టల గురించే చెప్పి ఉండేవాడు.

ఇప్పుడు నేను మా అబ్బాయి దగ్గర, గనుల టౌన్‌షిప్‌లో ఉంటున్నాను. మా పక్క క్వార్టర్‌లో తల్లీ తండ్రీ ఇద్దరూ డ్యూటీకి పోతారు. వాళ్లమ్మాయి బడి నుంచి వచ్చి మెడలోని తాళంచెవి తీసి తలుపు తెరుచుకుంటుంది. ఆ వేళకు నేను చేటలో బియ్యం పోసుకుని వాళ్ల మెట్ల మీదకు వెళతాను. ఆ పిల్ల హోంవర్క్ రాసుకుంటుంది, నేను రాళ్లు ఏరుతాను. పెద్దగా మాట్లాడుకునేదేమీ ఉండదు. వాళ్లమ్మ వచ్చాక లేచి మా ఇంటికి వస్తాను.