ఒక బర్రె ఖరీదు చేసే పేరు

పెద్ద పేరున్న కంపెనీ గేమింగ్ ల్యాప్‌టాప్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం దండగా, కాదా అని ఎవరైనా అడిగితే, మా జిల్లాలో జవాబు చెప్పే అర్హత నాకొక్కడికే ఉంది. మిగతావాళ్లు కొన్నారు, వాడుకున్నారు, అంతే. నేను కొన్నాక సుల్తానాబాద్‌లో ఒక రైస్‌మిల్లు సేటు ఇంట్లో, అతని తల్లి ఎదుట, మా వంశం పరువంతా ఒక్క మధ్యాహ్నంలో ముంచాను. నవ్వదలచుకున్నవారు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత నాకు కోపం వస్తుంది.

ముందు మేమెవరమో చెప్పాలి. మాది గడి ఉన్న ఇల్లు, అంటే కోటలాంటి బంగళా ఉన్న దొరల వంశం. ఇప్పుడు గడి లేదు, ఉండేదన్న మాట మాత్రం ఉంది. మా తాతను చుట్టుపక్కల ఊళ్లన్నీ పెద్దదొర అనేవి. మా నాన్న కాలానికి భూములు పోయాయి. నా కాలానికి గడి తలుపులు కూడా పోయాయి. వాటిని కొన్న పెద్దమనిషి ఒక ధాబాకు బిగించుకున్నాడట. నా వాటాకు వచ్చింది నిటారుగా ఉండే వెన్ను ఒక్కటే. కరీంనగర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో కూడా నేను ఆనుకుని కూర్చోను. మా ఇంటి ఓనరు చాలాకాలం నాకు నడుం నొప్పి అనుకుని, మంచి వైద్యుడి పేరు చెబుతుండేవాడు.

నా పని ఇళ్లు కట్టడం. ఇటుకలతో కాదు, కంప్యూటర్లో. మేస్త్రి పునాది తవ్వకముందే ఇంటిని తెర మీద కట్టి, యజమానిని గేటు నుంచి వంటింటి దాకా నడిపించి చూపిస్తాను. దీనికి మామూలు ల్యాప్‌టాప్ చాలదు. కుర్రకారు తుపాకీ ఆటలు ఆడుకునే గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలి. శత్రువును తరమడమూ, సేటును వంటింట్లోకి తీసుకెళ్లడమూ యంత్రానికి ఒకటే కష్టం. అప్పటి దాకా నా దగ్గరున్నది ముసలిది. అందులో గుమ్మం దాటి హాల్లోకి వెళ్లేలోపు యజమాని చాయ్ తాగేసి, ఇంకో కప్పు తెప్పించుకునేవాడు.

అలాంటి రోజుల్లో సుల్తానాబాద్ రాజేశం సేటు మూడంతస్తుల ఇల్లు తలపెట్టాడు. బొమ్మ నచ్చితే ఆ ఇల్లే కాదు, అతని తమ్ముళ్ల ఇళ్లు కూడా నావే. నచ్చకపోతే నాతో చదువుకున్నవాడి ఆఫీసులో నెలజీతానికి చేరాలి. వాడు అప్పటికే నా కోసం కుర్చీ చూసి పెట్టాడు. వెళ్లి చూసి వచ్చాను. దానికి చేతులు లేవు. పెద్దదొర మనవడు చేతుల్లేని కుర్చీలో కూర్చోవడమా?

ఇంకో చిక్కు కూడా ఉంది. రాజేశం వాళ్లది మా ఊరే. అతని తండ్రి మా గడిలో పశువుల దగ్గర ఉండేవాడు. ఇప్పుడు ఆ కొడుకు నాకు పని ఇవ్వాలి. 'సేటూ' అని గౌరవంగా పిలవడం అద్దం ముందు నిలబడి సాధన చేశాను. మొదట్లో గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు వచ్చేది.

ఇంతటి సందర్భానికి ముసలి ల్యాప్‌టాప్‌తో వెళ్లలేను కదా. కరీంనగర్‌లో సలీం భాయ్ దుకాణానికి వెళ్లాను. అతను రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టాడు. ఒకటి మామూలు కంపెనీది. రెండోది మూత మీద బొమ్మ వెలిగే పెద్ద కంపెనీది.

"సాబ్, జర ఇనుండ్రి. లోపట మాల్ రెండిట్ల ఒక్కటే. గదే చిప్పు, గదే మెమరీ. పైన డబ్బా ఫరక్, పేరు ఫరక్."

"మరి గింత ధర ఎందుకు?"

"పేరుకు. కీబోర్డు నైసు ఉంటది. ఇంగ స్క్రీన్ అయితే కడక్. గా కంపెనీ స్క్రీన్ల చీమ నడిస్తే చీమ కాళ్లు గూడ కనవడ్తయి. గని మీ పనికి చీమ కాళ్లు ఎందుకు సాబ్? గీ సస్తది తీస్కోండ్రి."

అతను సస్తది, అంటే చవకది అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే నేను దాన్నే కొనేవాణ్నేమో. నా వెన్ను ఇంకాస్త నిటారైంది.

"సలీం భాయ్, మా ఇంట్లకు సస్త వస్తువు ఎన్నడు రాలే."

"ఇల్లు ఏడున్నది సాబ్ ఇప్పుడు?"

"అద్దెకు ఉంటున్నం. అయినా రాలే."

అతను ఒక్క క్షణం నన్ను చూసి, పెద్ద కంపెనీ డబ్బాకు రిబ్బను చుట్టడం మొదలుపెట్టాడు. దుకాణదారులకు నాలాంటివాళ్లంటే ఎంత ప్రేమో ఆ వేళ్ల హుషారు చూస్తే తెలిసింది.

ఇంటికి రాగానే మా ఆవిడ సుజాత బిల్లు చూసింది. పక్కన పెట్టింది. మళ్లీ చూసింది.

"గా మామూలుది ఎంతనట?"

చెప్పాను.

"అంటే నడుమ ఫరకుల ఒక మంచి పాడిబర్రె వస్తది. మీరు బర్రెను వదులుకొని పేరు కొన్నరు."

"పేరు నిలవడ్తది సుజాతా."

"బర్రె పాలిస్తది" అంది.

వాదన అక్కడితో ఆగిపోయింది. నేను గెలిచాననే ఇప్పటికీ నా నమ్మకం.

అనుకున్న రోజున సుల్తానాబాద్ వెళ్లాను. రాజేశం ఇల్లు మిల్లు పక్కనే. హాల్లో సోఫా మీద రాజేశం, కింద చాప మీద అతని తల్లి రాజవ్వ. తొంభైకి దగ్గర పడిన మనిషి, కళ్లజోడు సోడా సీసా అడుగంత మందం. నన్ను చూడగానే "చిన్నదొరనా? మంచిగున్నవా?" అంది. ఆ ఒక్క మాటతో నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. ల్యాప్‌టాప్ తెరిచాను. కీబోర్డు కింద ఎర్ర, నీలం, ఆకుపచ్చ దీపాలు వరసగా పరిగెత్తాయి.

"గణపతి మండపం లెక్క ఉన్నది" అన్నాడు రాజేశం.

"పెద్ద కంపెనీది సేటూ" అన్నాను. చేపముల్లు ఈసారి సాఫీగా జారింది.

ఇల్లు మొదలైంది. గేటు తెరుచుకుంది. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాన్లు ఒక్కసారిగా అందుకున్నాయి. రాజేశం కిటికీ వైపు తిరిగి, మిల్లు ఎవరు ఆన్ చేశారని అరవబోయి, మోత ఎక్కడి నుంచో గ్రహించి ఆగాడు.

"దీనికి కరెంటు గాదు, వడ్లు పొయ్యాలె" అన్నాడు.

నవ్వాడు. అంటే నచ్చింది. వరండా నచ్చింది, మెట్లు నచ్చాయి, దేవుడి గది వాకిలి నచ్చింది. నేను రెచ్చిపోయాను. మనిషికి పని దొరికినట్టే అనిపించినప్పుడు నోరు మూసుకోవాలి. నేను మాత్రం తెర గొప్పతనం చెప్పడం మొదలుపెట్టాను.

"మామూలు ల్యాప్‌టాప్‌ల గోడ గోడ లెక్కనే కనవడ్తది సేటూ. దీంట్ల గోడ మీద సున్నం పొర గూడ చూడొచ్చు. చూస్తరా?"

"సూపియ్."

హాల్లోకి తీసుకెళ్లి, గోడను దగ్గరికి లాగాను. ఇంకా దగ్గరికి. గోడ మధ్యన ఒక ఫొటో ఫ్రేము ఉంది. అదైతే పనితనం బాగా కనిపిస్తుందని దాన్నే తెరంతా నిండేలా పెంచాను.

తెర మీద మా తాత ప్రత్యక్షమయ్యాడు.

తలపాగా, మెడలో గొలుసు, తేలు కొండెల్లాంటి మీసాలు. ఒక్కో వెంట్రుకా విడివిడిగా. కళ్లలో ఎర్రజీర కూడా.

ఇక్కడ ఒక సంగతి మీకు చెప్పక తప్పదు. నేను తెర మీద కట్టిన ప్రతి ఇంట్లోనూ హాలు గోడకు ఒక ఖాళీ ఫ్రేము ఉంటుంది. అందులో ఏదో ఒక బొమ్మ పెట్టాలి. నేను మా తాతను పెట్టేవాణ్ని. మంచిర్యాలలో ఒక డాక్టరు ఇంట్లో పెట్టాను, బోథ్‌లో ఒక పత్తి వ్యాపారి ఇంట్లో పెట్టాను, చివరికి ఒక కోళ్లఫారం ఆఫీసులో కూడా పెట్టాను. గడి పోతే పోనీ, చుట్టుపక్కల జిల్లాల్లో లేచే ప్రతి కొత్త ఇంట్లోనూ పెద్దదొర కొలువుంటాడని నాలో నేను మురిసిపోయేవాణ్ని. ముసలి ల్యాప్‌టాప్‌లో ఆయన టీ మరకలా కనిపించేవాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అలవాటు మీద పెట్టి పెట్టి నేనూ ఆయన అక్కడున్న సంగతే మరిచిపోయాను. ఇప్పుడు ఒక బర్రె ఖరీదు ఎక్కువ పెట్టి, ఆ మరకను నేనే మనిషిని చేశాను.

రాజేశం ముఖంలో నవ్వు ఆరిపోయింది. తన కొత్త ఇంటి హాల్లో, తన తండ్రి ఫొటో ఉండవలసిన చోట, తన తండ్రి ఎవరి ముందు తలవంచుకు నిలబడేవాడో ఆయన కూర్చుని ఉన్నాడు. నేను ఫ్రేము మూయబోయాను. కంగారులో వేలు జారి మీసం ఇంకా పెద్దదైంది.

రాజవ్వ చాప మీద నుంచి ముందుకు జరిగి, కళ్లజోడు తెరకు ఆనించింది.

"గీయన పెద్దదొర గాదు?"

ల్యాప్‌టాప్ ఫ్యాన్లు దంచుతున్నాయి.

"గీడికి గూడ వచ్చిండా?" అందావిడ.

"పొరపాటయింది అవ్వా. తీసేస్త" అన్నాను. నా కళ్ల ముందు చేతుల్లేని కుర్చీ గిర్రున తిరిగింది.

"పొరపాటేంది సారూ?" అన్నాడు రాజేశం. తల్లి నోట చిన్నదొరనైతే, కొడుకు నోట ఉత్త సారునయ్యాను. "ఇల్లు నాదా, మీ తాతదా? ముందుగాల గది చెప్పు."

"నువ్వు జర ఆగు కొడకా" అంది రాజవ్వ. నా వైపు తిరిగింది. "నేను కాపురానికి వచ్చినంక ఎన్నేండ్లు మీ గడి ముంగట చెప్పులు చేతవట్టుకొని నడిసిన్నో నీకు ఎర్కనా చిన్నదొరా?"

నాకు తెలుసు. మా ఇంట్లో ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాళ్లు.

"తియ్యకు. ఉండనియ్" అంది. "గని హాల్ల వద్దు. చెప్పులు ఇడిసే కాడ వెట్టు."

రాజేశం ముందు తల్లిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. చాలాసేపు నవ్వాడు.

"అవ్వ చెప్పినట్టు జెయ్ సారూ. పని నీదే."

నేను నిటారుగా కూర్చునే ఆ పని చేశాను. మౌసుతో మా తాతను గోడ మీది నుంచి దించి, హాలంతా నడిపించి, గుమ్మం దాటించి, వరండాలో చెప్పుల స్టాండు పైన తగిలించాను. యంత్రం ఎక్కడా తడబడలేదు. పెద్ద కంపెనీది కదా. రాజవ్వ మళ్లీ కళ్లజోడు ఆనించి, తృప్తిగా తలాడించింది.

"ఇప్పుడు మంచిగ కనవడ్తుండు."

కాబట్టి, ఎక్కువ డబ్బు పెట్టడం దండగా, కాదా? కాదు. గట్టిగా చెబుతున్నాను, కాదు. లోపలి సరుకు రెంటిలోనూ ఒకటేనన్న సలీం భాయ్ మాట అక్షరాలా నిజం. ఎక్కువ పెట్టిన డబ్బంతా స్పష్టతకే పోతుంది. ఆ స్పష్టతలో మీకేం కనిపిస్తుందో దానికి మాత్రం వారంటీ లేదు.

ఇక నా శపథం. సూర్యచంద్రుల సాక్షిగా, ధాబాకు పోయిన మా గడి తలుపుల సాక్షిగా, ఇకపై నేను కట్టే ఏ ఇంటి గోడ మీదా మా తాతను కూర్చోబెట్టను. ఫ్రేములో పూలకుండీ పెడతాను. ఒకటి రెండుసార్లు నా ఫొటో పెట్టుకుంటే ఎలా ఉంటుందా అనిపించిన మాట నిజమే. పెట్టలేదు. మా తాతకు చెప్పుల దగ్గరైనా చోటు దొరికింది. నన్నక్కడ పెట్టాలన్నా, ముందు నన్ను ఎవరైనా గుర్తుపట్టాలి కదా.