అవతలి కొస పట్టుకునే మనిషి

ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అని డాక్టర్లు చెప్పాక మా అత్తగారిని తెనాలిలో మా ఇంటికే తెచ్చుకున్నాం. మా ఆవిడ బాపట్లలో టీచరు. సెలవులన్నీ ఆస్పత్రిలోనే అయిపోయాయి. పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి గాని రాదు. ఇంటి ముందు గదిలోనే నా జెరాక్సు షాపు. అందుకని పగలంతా అత్తగారిని చూసుకోవడం నా వంతయింది.

మందులు వేయడం, జావ తాగించడం కష్టం కాలేదు. ఒళ్ళు తుడిచి బట్టలు మార్చడమే ఇద్దరికీ నరకం. అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని మొహం గోడవైపు తిప్పుకునేవారు. నేను ఎటో చూస్తూ హడావిడిగా కానిచ్చేవాణ్ణి. సరిగా పక్కకు తిప్పడం చేతకాక నడుం దగ్గర పుండు పడింది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు బత్తాయిలు, హార్లిక్సు తెచ్చేవారు. వాళ్ళకు కాఫీ పెట్టి, గ్లాసులు కడిగి మళ్ళీ షాపులోకి పరిగెత్తేవాణ్ణి. పక్క దుప్పటి మార్చేటప్పుడు అవతలి కొస పట్టుకునే మనిషి ఒకరుంటే చాలనిపించేది. అడగడానికి నోరొచ్చేది కాదు.

ఒకరోజు రేపల్లె నుంచి అత్తగారి చెల్లెలు, పిన్నిగారు వచ్చారు. కాఫీ వద్దని, కొంగు బిగించి, నీళ్ళు వెచ్చబెట్టమన్నారు. అక్కను పక్కకు తిప్పి పుండు చూశారు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.

"ఎలా చెయ్యాలో మీకెవరన్నా చూపించారా బాబూ?" అన్నారు.

"లేదండి."

"మరి మీకెలా తెలుస్తుంది? ఇలా రండి."

మడిచిన దుప్పటి ఒంటికింద పరిచి దాంతోనే మనిషిని ఎలా తిప్పాలో, పైన చీర కప్పి ఉంచే ఎలా తుడవాలో చూపించారు. అప్పట్నుంచీ వీలైనప్పుడల్లా బస్సులో వచ్చేవారు. తనున్నంతసేపూ నన్ను బయటికి పొమ్మనేవారు. మొదటిసారి ఎక్కడికి పోవాలో తోచలేదు. హోటల్లో కూర్చుని వేడి ఇడ్లీ నెమ్మదిగా తిని, అరగంటకే తిరిగొచ్చేశాను.

చివర్లో అత్తగారు మొహం తిప్పుకోవడం మానేశారు. ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "బాగా అలిసిపోయారు బాబూ," అన్నారు. లేదండి అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, మా ఆవిడ పక్కనుండగానే పోయారు. ఇల్లంతా జనం. నాకు ఏడుపు రాలేదు. వరండాలో కుర్చీలో కూర్చున్నవాణ్ణి అలాగే నిద్రపోయాను. అల్లుడికి చీమ కుట్టినట్టయినా లేదని ఎవరో అన్నారట. శ్మశానానికి బండి వచ్చేదాకా నన్ను లేపొద్దని చెప్పి పిన్నిగారు నా పక్కనే నిలబడ్డారట. తర్వాతెప్పుడో మా ఆవిడ చెప్పింది.