అమ్మ వేళ్లకు తగిలిన నాడి

మొన్న బళ్ళారిలో నా కాళ్లకు రక్తం సరిగా పారుతోందో లేదో చూడాలని స్కానింగుకు పంపితే, అక్కడి పిల్ల చల్లని జిగురు పూసి, చిన్న పరికరాన్ని తొడ నుంచి పాదం దాకా జరుపుతుంటే నా నెత్తురు చప్పుడు నాకే వినబడింది. అంతా బాగుందని ఆ పిల్ల నవ్వింది గానీ, నాకు మా నాయన గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు.

మన ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు, అరవైల్లో సండూరు కొండల్లో మాంగనీసు గనికి పోవాలంటే నడకే గతి. నాయనకు కొండెక్కుతుంటే పిక్క పట్టేసి అడుగు పడేది కాదు. నొప్పని తెలిస్తే పనిలోంచి తీసేస్తారన్న భయంతో, ఆగిన చోటల్లా బీడీ ముట్టించి, దానికోసమే ఆగినట్టు నిలబడేవాడు.

చివరికి కుడి పాదం చల్లబడి వేళ్లు నల్లబడితే బళ్ళారి ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు పాదం మీదా మోకాలి వెనకా వేళ్లు ఆనించి వెతికి, ఎక్కడా నాడి లేదని, బీడీలే రక్తనాళాలను పూడ్చేశాయని, మోకాలి పైదాకా కాలు తీసేయకపోతే మనిషి దక్కడని చెప్పాడు. కాలు లేకపోతే పిల్లలకు కూడెట్లా అని నాయన ఒప్పుకోలేదు. అమ్మ మంచం చివర కూర్చుని, డాక్టరు చేసినట్టే ఆ పాదాన్ని రెండు వేళ్లతో గట్టిగా అదిమిపట్టి కళ్లు మూసుకుంది. ఉన్నట్టుండి ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఉండాది సామీ, కొట్టుకుంటాండాది, మీరే చూడండి."

డాక్టరు వచ్చి చూశాడు, ఏమీ లేదు. అయినా కసురుకోకుండా, అమ్మ వేళ్లను పాదం మీదే ఉంచమని, ఆమె రెండో చేతి మణికట్టు పట్టుకుని, అక్కడి నాడి కొట్టినప్పుడల్లా తల ఊపుతూ చూపించాడు. రెండూ ఒక్కటిగానే కొడుతున్నాయి.

"అది మీ యజమానిది కాదమ్మా, నీ వేళ్లలోదే."

అమ్మ మాత్రం వేళ్లు తీయలేదు. నాయనే ఆమె చెయ్యి పట్టుకుని, "ఇడిసిపెట్టు మే, కోసుకోనీ" అన్నాడు.

కాలు పోయింది, మనిషి మిగిలాడు. ఇప్పుడైతే నాళం ఎక్కడ పూడుకుందో ముందే తెర మీద చూసి, ఆ కాలు నిలబెట్టేవాళ్లేమో. మాకు వేళ్లు తప్ప ఇంకేమీ లేవు. వాటినీ అమ్మ ఆ తర్వాత నమ్మలేదు. మిగిలిన ఎడమ పాదాన్ని పట్టి చూడమని నాయన పోయేదాకా రోజూ నన్నే పిలిచేది. నేనూ ఉండాదనే చెప్పేదాన్ని. అది నాయనదో నాదో ఒక్కనాడూ నాకు తెలియలేదు.