పాండురంగ గారి డూగల్

పాండురంగ గారితో వాతావరణం గురించి మొదలుపెట్టినా, వంకాయ గురించి మొదలుపెట్టినా, రెండో వాక్యానికల్లా ఎమెట్ డూగల్ బ్యాటు పట్టుకుని వచ్చేస్తాడు.

డూగల్ ఎవరో తెలియనివాళ్లు అదృష్టవంతులు. బేస్‌బాల్ ఆటగాడు. ఇరవై సీజన్లు ఆడాడు, మూడువేల నూటనాలుగు హిట్లు కొట్టాడు. ఐదుసార్లు లీగ్‌లో బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. ఒకసారి వరుసగా ముప్పై నాలుగు మ్యాచ్‌ల్లో హిట్ లేకుండా ఇంటికి వెళ్లలేదు. కెరీర్ మొత్తానికి యావరేజి మూడువందల ఇరవై ఎనిమిది, అంటే వెయ్యిసార్లు బ్యాటుకు వస్తే అన్నిసార్లు హిట్ అన్నమాట. ఇవన్నీ మనం అడక్కుండానే తెలుస్తాయి. ఉప్మాలో ఉప్పు తగ్గిందంటే, "తొంభై ఏడు మే నెలలో డూగల్ యావరేజి కూడా తగ్గిందండీ, రెండువందల నలభై ఒకటి. జూన్‌లో సర్దుకున్నాడు" అంటారాయన. ఉప్మా మాత్రం సర్దుకోదు.

కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చిన చరిత, కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఆయన ఇంటి బేస్‌మెంట్ అద్దెకు చూడటానికి వెళ్లిన రోజే ఈ సంగతి బయటపడింది. ఆ ఏడాది ఊరినిండా స్టూడెంట్లే. బేస్‌మెంట్ దొరకడమే సీటు దొరికినంత గొప్ప.

"తొమ్మిది మెట్లమ్మా. డూగల్ నంబరు కూడా తొమ్మిదే" అన్నారు పాండురంగ గారు దిగుతూ.

డూగల్ అంటే ఇంతకుముందు అద్దెకున్నాయన కాబోలనుకుంది చరిత. "ఆయన ఎప్పుడు ఖాళీ చేసిండు అంకుల్?"

మెట్ల పైనుంచి ఆయన భార్య ఝాన్సీలక్ష్మి గారు అందుకున్నారు. "ఆయన ఖాళీ చేస్తే నేను సత్యనారాయణ వ్రతం చేసుకుంటానమ్మా!"

తొంభై ఆరులో ఒహాయోలో ప్రాజెక్టు మీద ఒక్కరే మోటెల్లో ఉన్నప్పుడు ఈ జబ్బు పట్టుకుందట. ఆ గదిలో టీవీకి ఒకే ఛానెల్ వచ్చేది, అందులో సాయంత్రమైతే డూగల్ వచ్చేవాడు. "ఆర్నెల్లకి నాకు వీసా వచ్చి వెళ్లానా, చూద్దును కదా, కాపురానికి ముగ్గురమయ్యాం" అంటారు ఝాన్సీలక్ష్మి గారు. తర్వాత ఉద్యోగం కెనడాకి మారింది, మూడో మనిషి కూడా సామానుతో పాటు వచ్చేశాడు.

అభిమానమొక్కటే అయితే సరిపోయేది, దానికి తోడు పట్టింపు. ఒకసారి గుడిలో భోజనాల దగ్గర విశ్వనాథం గారని పెద్దాయన, పాపం ఏదో మంచి చేసుకుందామని, "మీ డూగల్ యావరేజి మూడువందల ఇరవై ఏడు కదండీ?" అన్నారు. పాండురంగ గారు పెరుగన్నం ప్లేటు కిందపెట్టి, కోటైనా వేసుకోకుండా మంచులో కారుదాకా వెళ్లి, రికార్డుల పుస్తకం పట్టుకొచ్చారు.

"పోనిద్దురూ, ఒక్క పాయింటేగా" అన్నారు విశ్వనాథం గారు.

"ఒక్క పాయింటా! ఇరవై ఏళ్లు ఎండలో నిలబడి కొట్టాడండీ మనిషి. మీ ఇష్టమొచ్చినట్టు ఏరి పారేయడానికి పులిహోరలో ఎండుమిరపకాయనుకున్నారా?"

అప్పటినుంచి విశ్వనాథం గారు వేరే వరసలో కూర్చుంటున్నారు.

ఇక చరిత సంగతి. ఆమెది డేటా అనలిటిక్స్ కోర్సు, అందులో కో-ఆప్ ఉంది. ఎనిమిది నెలలు నిజమైన ఆఫీసులో పని. అదొక్కటి రెజ్యూమేలో ఉంటే తర్వాత ఉద్యోగానికి తలుపు తెరుచుకుంటుంది. కానీ ఆగస్టు ముప్పై ఒకటిలోగా ఆఫర్ చూపించకపోతే కాలేజీవాళ్లు కో-ఆప్ నుంచి పేరు తీసేస్తారు. చూడబోతే ఒక్కో ఉద్యోగానికి ఆరేడువందల అప్లికేషన్లు. కాఫీ షాపులో పార్ట్‌టైమ్‌కి కూడా పార్కింగ్ లాట్ చుట్టూ లైను. జులై వచ్చేసరికి చరితకి కాలు ఒకచోట నిలవడం మానేసింది. ఫోను తీస్తుంది, చూస్తుంది, పెడుతుంది, మళ్లీ తీస్తుంది. పెరట్లో ఆమె తిరిగినంత మేర గడ్డి చచ్చిపోయింది.

"తొమ్మిదోది కూడా రిజెక్ట్ అయింది అంకుల్" అంది ఒక ఉదయం వంటింట్లోకి వచ్చి.

"తొమ్మిదేనా? తొంభై నాలుగులో డూగల్ వరుసగా పన్నెండుసార్లు బ్యాటుకొచ్చి ఒక్క హిట్టూ కొట్టలేదు. కూర్చో, దోసె తిను."

ఆ పూట దోసె గొంతు దిగింది. అంతటివాడికే పన్నెండైతే తనకి తొమ్మిది ఎంతలే అనిపించింది.

వారం తిరిగేసరికి అవి పద్నాలుగయ్యాయి. పాండురంగ గారు పేపరులోంచి తలెత్తకుండా, "డూగల్‌కి ఇరవై" అన్నారు.

"మొన్న పన్నెండు అన్నరు కదా?"

పేపరు కొంచెం కదిలింది. "అదీ... అది సొంతూళ్లో ఆడిన మ్యాచ్‌లమ్మా. బయటి ఊళ్లలోవి కలపొద్దూ?"

స్టవ్ దగ్గర ఝాన్సీలక్ష్మి గారు అట్లకాడ పట్టుకుని భర్తవైపు చాలాసేపు చూశారు. దోసె మాడింది. ఎందుకు చూశారో చరితకి పట్టలేదు, ఆమె కళ్లు అప్పటికే ఫోనులో ఉన్నాయి.

ఇరవై ఆరు తిరస్కారాలప్పుడు డూగల్‌కి ముప్పై ఒకటయ్యాయి. ముప్పై ఏడప్పుడు నలభై నాలుగు. పాపం ఆ మహానుభావుడి కెరీర్ చరిత అప్లికేషన్లతో పాటే దిగజారిపోతోంది. చెబుతున్నప్పుడల్లా పాండురంగ గారి మొహం కషాయం తాగినట్టుండేది. చెప్పేసి గరాజ్‌లోకి వెళ్లి, అక్కరలేకపోయినా లాన్‌మోవర్ తుడిచేవారు.

ఆగస్టు ఇరవై ఎనిమిదిన చరితకి ఇంటర్వ్యూ వచ్చింది. హెస్పెలర్ రోడ్డు పక్కన కారు విడిభాగాలు చేసే కంపెనీ. ఇంక మూడు రోజులే ఉన్నాయి, చేతిలో ఉన్నది ఇదొక్కటే. ఎదురుగా కూర్చున్న మేనేజరు పేరు గ్లెన్, తెల్ల గడ్డం, నిదానం మనిషి. అన్నీ అడిగి చివరికి, "వరుసగా దెబ్బలు తగిలితే ఎలా తట్టుకుంటారు?" అన్నాడు.

ఇంగ్లీషులో చక్కగా వల్లించుకున్న జవాబు ఒకటుంది. అది ఆ క్షణానికి ఎటు పోయిందో పోయింది. నోట్లోంచి డూగల్ వచ్చాడు.

"ఎమెట్ డూగల్ అంతటివాడు వరుసగా నలభై నాలుగుసార్లు హిట్ లేకుండా ఔటయ్యాడండీ. నావి ముప్పై ఏడే."

గ్లెన్ కళ్లద్దాలు తీశాడు. "డూగలా? నలభై నాలుగా? మా నాన్న, నేను ఆయన ఆట కోసం ఆరుగంటలు డ్రైవ్ చేసి వెళ్లేవాళ్లం." కంప్యూటర్‌లో ఏదో కొట్టి స్క్రీను ఆమెవైపు తిప్పాడు. "ఇదిగో చూడండి. పన్నెండు. ఇరవై ఏళ్లలో అంతకు మించలేదు."

చరితకి చెవులు వేడెక్కాయి. అంకెల ఉద్యోగానికి వచ్చి, అదీ ఇంటర్వ్యూలో, అంకె తప్పు చెప్పింది. లేచి వెళ్లిపోదామా అనుకుంది.

"లేదండీ, మా అంకుల్ తప్పు చెప్పరు. ఒక్క పాయింటు కోసం మంచులోకి వెళ్లిన మనిషి. నాకు తొమ్మిదైనప్పుడు పన్నెండే అన్నారు. పద్నాలుగైనప్పుడు ఇరవై. ఇరవై ఆరప్పుడు ముప్పై ఒకటి. ముప్పై ఏడప్పుడు..."

అక్కడ ఆగిపోయింది. ఎప్పుడు చూసినా డూగల్ అంకె ఆమె అంకె కన్నా కొన్ని మెట్లు పైనే ఉంది. ఎప్పుడూ ఆమె కన్నా ఎక్కువ ఓడినవాడు ఒకడుండాలి. అందుకని ప్రాణంతో సమానమైన మనిషి రికార్డుని తన చేత్తో తనే పాడుచేసుకుంటూ వచ్చారాయన. చరితకి ఏడుపొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. రెండూ కలిసి వింత చప్పుడొకటి చేశాయి.

గ్లెన్ కూడా నవ్వాడు. "అంకె తప్పని తెలిశాక చాలామంది సారీ చెప్పి ఊరుకుంటారు. మీరు అది ఎందుకు తప్పిందో కనుక్కున్నారు. మా దగ్గర పని అదే. సాయంత్రానికి లెటర్ వస్తుంది, వేరేచోట ఒప్పుకోకండి."

బస్సులో ఆమె కూర్చోలేదు. సీట్లు ఖాళీగానే ఉన్నాయి, కూర్చోబుద్ధి కాలేదు.

ఇంటిముందు డ్రైవ్‌వేలో పాండురంగ గారు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆమెను చూడగానే ఆగి, ఏమీ ఎరగనట్టు చెట్టు కొమ్మ ఒకటి సరిచేశారు.

చరిత మొహం వీలైనంత మామూలుగా పెట్టుకుంది. "అంకుల్, ఒకటి అడుగుత. డూగల్ వరుసగా ఎన్నిసార్లు ఔటయిండు?"

అడిగేలోపే అంకె చెప్పే మనిషి కొమ్మ వదిలేశారు, మళ్లీ పట్టుకున్నారు.

"ముందు నీ సంగతి చెప్పమ్మా. వచ్చిందా, రాలేదా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం అంకుల్?"

"ఉందిలే. నువ్వు చెప్పు ముందు!"

"వచ్చింది అంకుల్. లెటర్ సాయంత్రం పంపిస్తమన్నరు."

పాండురంగ గారు నెల రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలారు. వెన్ను నిటారుగా చేసి, వీధి మొత్తానికి వినపడేలా అన్నారు. "పన్నెండు! పన్నెండేనమ్మా! ఇరవై ఏళ్లలో వరుసగా పదమూడోసారి ఔటయింది లేదు. ఎవరినైనా అడుగు, కావాలంటే పుస్తకం తెస్తా!"

అంటూనే పుస్తకం కోసం లోపలికి పరుగెత్తారు.

"హమ్మయ్య" అన్నారు ఝాన్సీలక్ష్మి గారు గుమ్మంలోంచి. "ఆ డూగల్ ఇవాళ్టికి కోలుకున్నాడు. రామ్మా, కాళ్లు కడుక్కో, వేడిగా వడలు వేస్తున్నా."