ఉల్లిపకోడీల పైడమ్మ

ఆమదాలవలస స్టేషన్లో ఉల్లిపకోడీలు అమ్మే పైడమ్మ, కొన్నవాళ్లు ఆఖరి ముక్క మింగేదాకా నడుం మీద చెయ్యేసుకుని ఎదురుగా నిలబడుతుంది. ప్లాట్‌ఫారం కుక్క కర్రిగాడికి ఎవరూ ముక్క విసరకూడదు. కిందటి వానాకాలం వాడు పకోడీలు తిని లేవలేకపోతే, ఉల్లి కుక్కల రక్తాన్ని పాడుచేస్తుందని పశువుల డాక్టరు చెప్పాడు.

"ఉల్లి మానీసి ఎయ్యొచ్చు కదేటే?" అంటాడు టీకొట్టు హరిబాబు.

"ఉల్లి నేకపోతే ఎవులు కొంతారు మావా?" అంటుందామె.

మొన్న ఒకాయన రైలు కిటికీలోంచి రెండు పొట్లాలు కొన్నాడు. ఒకటి సగం తినేసరికి రైలు కదిలింది. కారం ఎక్కువైందని మిగతాది కిందకి విసిరేశాడు. కర్రిగాడూ పైడమ్మా ఒక్కసారే పరిగెత్తారు. ఆమె మోకాళ్ల మీద పడి, కుక్క మూతి కిందినుంచి పకోడీలు లాక్కుని, వేరే దారి తోచక అన్నీ తన నోట్లో కుక్కుకుంది.

కిటికీలో ఆయన మనసు కరిగిపోయింది. "అమ్ముకోడమే గానీ తిండి తినవేటమ్మా? ఇదీ తీసుకో" అంటూ రెండో పొట్లం తీశాడు.

నోరు నిండిన పైడమ్మ అరవలేక రెండు చేతులూ ఊపింది. ఆయన దణ్ణమనుకుని తిరిగి దణ్ణం పెట్టి, పొట్లం విసిరాడు. ఈసారి ఆమే ముందు చేరి, దాని మీద కూర్చుండిపోయింది. ఎప్పుడు లేస్తుందా అని కర్రిగాడు ఎదురుగా కూర్చున్నాడు.