అగ్గిపెట్టెల క్యాలెండరు

నా చిన్నప్పుడు, అంటే తొంభైల మొదట్లో, చిక్కడపల్లిలో మా ఇంటి మేడమీద గదిలో ఒక అక్క కిరాయికి ఉండేది. నారాయణగూడలో చిన్నపిల్లల బడిలో టీచరు. వాళ్లు క్రైస్తవులు. ఆ ఏడాది డిసెంబరు రాబోతుండగా మా గల్లీ పిల్లలందరినీ పిలిచి ఖాళీ అగ్గిపెట్టెలు ఏరుకు రమ్మంది. పాన్‌డబ్బా ముందర, ఇరానీ హోటలు మెట్ల దగ్గర, ఎక్కడ దొరికితే అక్కడ ఏరి, జేబుల్లో కుక్కుకుని, గౌను ఒళ్లో పోసుకుని తెచ్చాం. ఇంట్లో తిట్లు తిన్నాం అనుకోండి, అది వేరే సంగతి.

అక్క మైదాపిండితో జిగురు ఉడికించి, ఒక్కో పెట్టెకీ పతంగుల కాగితం అంటించి, పైన తారీఖు వేసింది. లోపల ఏం పెట్టిందో మాకు చూపించలేదు. అన్నిటికీ దారాలు కట్టి ఒక వెదురుబద్దకి వేలాడదీసి, మేడమెట్ల మలుపులో మేకుకి తగిలించింది. క్రిస్మస్ దాకా రోజుకొకటి, దీపాలు పెట్టే వేళకి, వంతులవారీగా తెరవాలి. "ఇది రోజులు లెక్కపెట్టుకునే క్యాలెండర్" అని చెప్పింది.

ఆ మాట నేను అంతకుముందే విన్నాను. మంచంలో ఉన్న మా నానమ్మని చూసి వెళ్తూ డాక్టరుగారు అదే మెట్ల దగ్గర నాన్నతో మెల్లగా అన్నారు, ఇక రోజులు లెక్కపెట్టుకోవడమేనని. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ రెండు మాటలూ నా బుర్రలో ఒకటైపోయాయి. నానమ్మకి మిగిలిన రోజులనే అక్క ఆ పెట్టెల్లో పెట్టి వేలాడదీసిందని నమ్మాను. నవ్వకండి. ఆ మెట్ల మలుపు చూస్తే మీరూ నమ్మేవాళ్లు. డిసెంబరులో తొందరగా చీకటి పడుతుంది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. గోడలోని జాలీలోంచి గాలి తగిలినప్పుడల్లా మూసి ఉన్న పెట్టెలు లోలోపల గలగలమనేవి. తెరిచినవి మాత్రం ఊరికే ఊగేవి.

పైగా జరిగినవి కూడా అట్లాగే జరిగాయి. పెట్టెలో గజ్జె వచ్చిన రోజు నానమ్మ అప్పుడప్పుడూ మంచం దిగడం కూడా మానేసింది. చిన్న అద్దం ముక్క వచ్చిన రోజు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వెవరి పిల్లవు బిడ్డా?" అంది. మిగతావాళ్లంతా పిప్పరమెంటు బిళ్లల కోసం మెట్లమీద తోసుకుంటుంటే నేను కింది మెట్టు మీదే ఆగిపోయేదాన్ని. ఎవరికి చెప్పను? పైకి అంటే నిజమైపోతుందని అదొక భయం.

నా వంతు వచ్చిన సాయంత్రం పెట్టెని గుప్పిట్లో పట్టుకుని నేను తెరవలేదు, ఇంకొకళ్లని తెరవనివ్వలేదు. పిల్లలు కాసేపు గొడవ చేసి, విసుగొచ్చి వెళ్లిపోయారు. అక్క దిగి వచ్చి ఏమైందని అడిగింది. "అక్కా, ఇయ్యాల తెరవొద్దు. తెరిస్తే మా నానమ్మకు ఒక రోజు తగ్గిపోతది" అని ఏడ్చేశాను. అక్క నవ్వలేదు. పిచ్చిపిల్లా అని కూడా అనలేదు. ఆమె ముఖం చూస్తే ఆమెకీ కాస్త జంకు కలిగినట్టే ఉంది. వెదురుబద్దని మేకునుంచి తీసి, నా చేయి పట్టుకుని తిన్నగా నానమ్మ గదిలోకి నడిచింది.

అలాంటి మాట రోగి ముందర ఎవరైనా అంటారా? అక్క అంది. నా భయాన్ని ఉన్నదున్నట్టు నానమ్మకి చెప్పేసింది. గుమ్మంలో నిలబడ్డ అమ్మ ముఖం పాలిపోయింది. ఆ పూట నానమ్మకి తెలివి బాగానే ఉంది. పెట్టెల్ని వేళ్లతో ఒక్కొక్కటిగా తడిమింది. ఆఖరికి, "నా దినాలు గీ అగ్గిపెట్టెలల్ల పడ్తయా బిడ్డా? తెరువకుంటే ఆగుతయా? ఇటు తే, జర ఏమున్నదో చూద్దాం" అంది. నా గుప్పిట్లోది తీసుకుని చెవి దగ్గర ఊపి, పల్లి గింజ అని చెప్పింది. తెరిస్తే పల్లి గింజే.

ఆనాటినుంచి క్యాలెండరు నానమ్మ మంచం పక్కనే ఉండేది. పిల్లలంతా అక్కడికే వచ్చేవాళ్లు. తెరవబోయే ముందు ఆమె ఊపి చూసి లోపలేముందో చెప్పేది. పూస, గుండీ, బఠాణీ. ఒక్కసారీ తప్పలేదు. ఇంట్లోవాళ్ల పేర్లే మర్చిపోతున్న మనిషికి అవి ఎలా తెలిసేవో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నా భయం పోలేదు కానీ, ఆ భయంతోనే సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూడడం మొదలుపెట్టాను.

ఒకరోజు అందరూ వెళ్లిపోయాక, మర్నాటి పెట్టెని నానమ్మ తనే అందుకుని ఊపింది. మళ్లీ ఊపింది. "దీంట్ల ఏం లేదు" అని వదిలేసి గోడవైపు తిరిగింది. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

అంతా అయ్యాక, మరుసటి సాయంత్రం అక్క వచ్చి ఆ పెట్టెని నా చేతిలో పెట్టింది. తెరవనన్నాను. బలవంతం చేయకుండా నా పక్కన కూర్చుంది. చాలాసేపటికి నేనే లాగాను. లోపల బంగారు రంగు కాగితంతో కత్తిరించిన చుక్క ఉంది. "కాగితం కదరా, చప్పుడు కాదు" అంది అక్క, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. వెదురుబద్దకి ఇంకా మూసిన పెట్టెలు వేలాడుతున్నాయి. నానమ్మ లేదు, అవి ఉన్నాయి. నేననుకున్నదే నిజమైతే అవి మిగలకూడదు. ఆ సంగతి తెలిశాక నాకు ధైర్యం రాలేదు, కోపం వచ్చింది. అవన్నీ ఆమె ఊపి చూడాల్సినవి. రెండు చేతులతో అక్కని కొట్టాను. నేను అలిసిపోయేదాకా ఆమె కొట్టించుకుంది. తర్వాత ఆ రోజుది ఇచ్చింది. ఏడుస్తూనే చెవి దగ్గర పెట్టుకున్నాను.

ఇప్పుడు మా అమ్మ మంచంలో ఉంది, నా దగ్గరే. రోజూ దీపాల వేళకి చిన్న డబ్బీలో ఏదో ఒకటి వేసి ఆమె చెవి దగ్గర ఊపుతాను. యాలక్కాయ, పిన్నీసు, రేగు గింజ. అమ్మ చెబుతుంది, ఇద్దరం మూత తీసి చూస్తాం. అక్క నాకు నేర్పింది ఇదే, ఎవరి కోసం భయపడుతున్నామో ఆ మనిషికి దూరంగా భయాన్ని దాచిపెట్టకుండా, దాన్ని పట్టుకునే వెళ్లి మంచం పక్కన కూర్చోవడం. నిన్న డబ్బీ ఊపితే అమ్మ చాలాసేపు విని, ఇందులో ఏం లేదుగా అంది. లోపల రెండు చింతగింజలున్నాయి. నాకు వినిపిస్తూనే ఉన్నాయి. నానమ్మ వదిలేసిన పెట్టె గుర్తొచ్చింది. మూత తీసి చూపిస్తే అమ్మ చిన్నపిల్లలా నవ్వింది. ఇవాళ ఏం వేయాలా అని పొద్దున్నుంచీ వంటింటి డబ్బాలన్నీ వెతుకుతున్నాను.